కోనసీమ మండువా లోగిలి (1920 ప్రాంతం): మూల దోనెలు కారుతున్నాయి, గోడలు చవుడెక్కాయి. ముందు ఏ పని?

కాలవగట్టు

రాజోలు దగ్గర పల్లెలో మండువా లోగిలి. 1920 ప్రాంతంలో కట్టారంటారు. కొలతలు ముందే పెట్టేస్తున్నాను.

మండువా (ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న చోటు) నోరు 12 × 10 అడుగులు. చుట్టూ లోపలికి వాలే కప్పు నాలుగు పక్కలా 10 అడుగుల వెడల్పు, వాలు సుమారు 30 డిగ్రీలు. టేకు స్తంభాలు 8. మండువా వైపంతా బెంగుళూరు పెంకులు (మంగళూరు తరహా చదును పెంకులు), పెరటి వైపు బయటి వాలు మాత్రం ఇంకా గూనపెంకులే. గోడలు 18 అంగుళాలు, ఇటుక, డంగు సున్నం (గానుగలో నూరినది). వీధి వైపు 12 × 15 మేడగది, టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్ (ఇటుక, సున్నంతో కట్టిన చదును కప్పు). లోపలి గోడలకి ఎప్పుడో కింద 4 అడుగుల మేర సిమెంటు పూశారు.

నాలుగు మూలల్లోనూ, రెండు వాలులు కలిసే దోనెల దగ్గర కారుతోంది. సిమెంటు పూత పైన మరో అడుగు దాకా గోడ ఉప్పు పట్టి పెచ్చులూడుతోంది. పెద్ద వాన పడితే మండువాలో నీళ్ళు పూటకి గానీ దిగవు.

చూడ్డానికొచ్చిన మేస్త్రి ఇచ్చిన సలహా: మండువా మీద ఫైబరు షీటు వేసి మూసెయ్యడం, గోడలకి వాటర్‌ప్రూఫ్ సిమెంటు, గచ్చు మీద విట్రిఫైడ్ టైల్స్. మీరేమంటారు?

వాసాలలెక్క

మూడూ వద్దండి. ఆ ఇంట్లోకి వచ్చిన నీళ్ళు బయటికి పోయే దారులు మూడున్నాయి: దోనె, తూము, గోడ. మేస్త్రి చెప్పిన మూడు పనులూ వాటికి అడ్డుకట్టలే.

మూలల సంగతి నేను చెప్తాను. మండువా కప్పులో వాన పెంకు మీద పడి నేరుగా చూరుకే దిగుతుంది, కానీ మూలలకి దగ్గరగా పడ్డది మాత్రం దోనెలోకి జారుతుంది. మీ కొలతలతో లోపలి కప్పు నేలమట్టం లెక్కన 840 చదరపు అడుగులు. అందులో ఒక్కో మూలకి 100, నాలుగు మూలలకి 400. అంటే కప్పు నీళ్ళలో దాదాపు సగం ఆ నాలుగు సన్నటి దోనెల్లోంచే పోవాలి. గంటకి 100 మిల్లీమీటర్ల జడివానలో ఒక్కో దోనెలో నిమిషానికి 15 లీటర్ల పైచిలుకు.

రెండో సంగతి చాలామంది మర్చిపోతారు. కప్పు వాలు 30 డిగ్రీలైతే మూల వాలు 30 ఉండదు, 22 మాత్రమే ఉంటుంది. అదే ఎత్తు దిగడానికి మూల పొడవు ఎక్కువ కదా. అందుకే పెంకు వానకి తట్టుకునే వాలులో కూడా మూల తట్టుకోదు. కొబ్బరి మట్ట పీచు, ఎండాకు నిలిచేదీ అక్కడే. అవి అడ్డుపడితే నీళ్ళు పక్కకి పొంగి పెంకు కిందికి పోతాయి, మూల వాసం తడుస్తుంది. లీకు కనబడేది గదిలో, పుట్టేది నాలుగడుగుల పైన.

రేకు ఎలా ఉండాలంటే: మొత్తం వెడల్పు 24 అంగుళాలు. నడుమ తెరిచిన దోనె 8, రెండు వైపులా పెంకు కింద చెరి ఏడున్నర, చివర్లు అరంగుళం పైకి మడత. ఆ అరంగుళం మడత మానేసినవాళ్ళే ఏటా తారు పూస్తుంటారు. మీ మూల పొడవు పదిహేనుంపావు అడుగులు. 8 అడుగుల రేకులు రెండు, మధ్యలో 6 అంగుళాల ఎక్కుడు, పై రేకు కింది రేకు మీదికి. చూరు దాటి 3 అంగుళాలు బయటికి రావాలి. రేకు కింద రెండు వైపులా 9 అంగుళాల చెక్క పలకలు పరవండి, లేకపోతే పెంకులు సర్దడానికి ఎక్కినవాడి కాలు పడ్డచోట గుంట పడి అక్కడే నీరు నిలుస్తుంది.

పెంకుటింటిపిల్లి



ఏ రేకు అన్నది చెప్పాలి కదండీ. సముద్రం దగ్గర మామూలు జీఐ రేకు (జింకు పూసిన ఇనుప రేకు) తొందరగా పోతుంది. పైగా దోనె అంచున పెంకుల్ని తడి సున్నంతోనో సిమెంటుతోనో రేకు మీదే కూర్చోబెడతారు. తడి సున్నమైనా సిమెంటైనా జింకు పూతని తినేస్తుంది, అల్యూమినియాన్నీ వదలదు. అలా వేసిన దోనె తుప్పు పట్టేది నడిమధ్యన కాదు, సున్నం తగిలిన గీత వెంబడి. స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం రేకు వేయించండి, ఉప్పుగాలి తగిలేచోట 316 రకం. మందం 0.6 మిల్లీమీటర్లు చాలు. అంచు పెంకుల్ని తీగతో కట్టించండి, రేకు మీద ముద్ద పెట్టనివ్వకండి.

మండువా మూయడం గురించి: వేడిగాలి ఆ నోట్లోంచే పైకి పోతుంది, వసారాలు చల్లగా ఉండేది అందుకే. కోతుల బెడద, దొంగల భయం ఉంటే చూరు మట్టాన ఇనుప కమ్ముల జాలీ వేసుకోండి. కప్పు కన్నా రెండడుగులు లేపి షీటు వేద్దాం అనేవాళ్ళున్నారు, ఆ షీటు తుపాను గాలికి తెరచాప. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

తూముదారి

కాలవగట్టు గారూ, మండువా నీళ్ళు దిగకపోవడానికి తూము పూడిపోయిందని వెంటనే అనుకోకండి. ముందు మట్టం కొలవండి. పారదర్శకపు గొట్టంలో నీళ్ళు పోసి ఒక కొస తూము నోటి దగ్గర, ఒక కొస వీధి కాలవ దగ్గర పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. ఆ ఇళ్ళు కట్టిన రోజుల్లో వీధి కంటే అరుగు మూడడుగులు ఎత్తు. తర్వాత కంకర రోడ్డు, దానిపై తారు, దానిపై సిమెంటు రోడ్డు. తూము మాత్రం కట్టినచోటే ఉంది.

కాలవగట్టు

కొలిచాం. తూము బయటి నోరు వీధి సిమెంటు కాలవ అడుగు కన్నా 7 అంగుళాలు కిందకి ఉంది. అంటే వీధి నీళ్ళే లోపలికొస్తున్నాయి! మండువా నేల లేపెయ్యమంటారా?

తూముదారి

వద్దు. మండువా పల్లంగా ఉండటమే ఆ ఇంటికి రక్ష. దాన్ని లేపితే నీళ్ళు వసారా గచ్చు మట్టానికొచ్చి గోడ అడుగుకి తగులుతాయి, మీ చవుడు మరో రెండడుగులు పెరుగుతుంది.

తూముని పెరటి వైపు తిప్పండి. ఇంకుడుగుంత ఆలోచన కూడా పెట్టుకోకండి, కోనసీమలో వానాకాలం నేలనీరు బాగా పైకి ఉంటుంది, గుంత తనే నిండి కూర్చుంటుంది. కొబ్బరితోట బోదె (చిన్న నీటికాలవ) ఉంటే దాన్లోకి వదలండి. 4 అంగుళాల పీవీసీ పైపు, 100 అడుగులకి అడుగు వాలు. బోదె 60 అడుగుల దూరమైతే సుమారు ఏడుంపావు అంగుళాలు దిగాలి. నోటితో కలిపి మీ మండువా పరిధి 960 చదరపు అడుగులు, గంటకి 100 మిల్లీమీటర్ల వానకి నిమిషానికి 150 లీటర్లు. ఆ వాలులో ఆ పైపు నిండుగా పారితే నిమిషానికి 400 లీటర్ల దాకా లాగుతుంది, కాబట్టి పైపు సైజు మీ సమస్య కాదు, చెత్తే సమస్య. మండువాలోనే 18 అంగుళాల చదరపు గుంట కట్టి, పైపు నోరు గుంట అడుగు కన్నా 6 అంగుళాలు పైన పెట్టండి. ఒండ్రు కిందే ఆగుతుంది, వారానికోసారి చేత్తో తీసెయ్యొచ్చు. మలుపు ఉన్న ప్రతిచోటా మూత తెరిచే చాంబరు ఉండాలి.

పైపు కోసం పునాది కొట్టనివ్వకండి. పాత తూము రంధ్రమో, గుమ్మం కింద భాగమో వాడుకోండి. వీధి వైపు పాత నోటిని మాత్రం ఇటుక, సున్నంతో గట్టిగా మూసెయ్యాలి.

సున్నపుగానుగ

గోడల గురించి. సిమెంటు పూత పైన అడుగు మేర ఉప్పు పట్టింది అన్నారు, రోగం పేరు అక్కడే ఉంది. నేల చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, అది ఎప్పుడూ ఎక్కుతూనే ఉంది. సున్నపు పూత ఉన్నప్పుడు అడుగున్నర ఎత్తులోనే ఆరిపోయేది. సిమెంటు అడ్డం పెట్టేసరికి ఆరే దారి లేక పైకి పాకి, సిమెంటు అయిపోయిన చోట బయటపడి ఉప్పు కక్కుతోంది. వాటర్‌ప్రూఫ్ సిమెంటు 6 అడుగులు పూస్తే 7 అడుగుల దగ్గర కక్కుతుంది.

పని ఇదీ. సిమెంటు పూత మొత్తం, ఉప్పు మరకకి పైన ఇంకో అడుగు దాకా చెక్కేయండి. చిన్న ఉలి, సుత్తి. బ్రేకరు మిషను పెడితే సిమెంటుతో పాటు ఇటుక మొహం కూడా ఊడొస్తుంది. ఇటుకల సందులు ముప్పావు అంగుళం లోతు గీకి, పొడి బ్రష్షుతో దులిపి, రాలిన ఉప్పుని ఊడ్చి బయట పారెయ్యండి, నీళ్ళతో కడగకండి. కడిగితే ఉప్పు మళ్ళీ గోడలోకే.

తర్వాత ఆరనివ్వాలి. పాత లెక్క అంగుళానికో నెల. 18 అంగుళాల గోడ రెండు వైపులా ఆరితే 9 నెలలు. తూము, దోనెలు బాగు చెయ్యకుండా ఈ గడియారం మొదలవదు.

గచ్చుమెట్టు

చిన్న చిట్కా: పూత సున్నమో సిమెంటో తెలియాలంటే నిమ్మరసం వెయ్యండి, పొంగితే సున్నం.

సున్నపుగానుగ

అది పనికిరాదండి. పాత సిమెంటు కూడా గాలి తగిలి పైన సున్నపురాయిలా మారి ఉంటుంది, అదీ పొంగుతుంది. ఇసుకలో గుల్లముక్కలున్నా పొంగుతుంది. పెన్‌నైఫుతో గీయండి. సున్నమైతే తెల్లటి పొడి రాలుతుంది, సిమెంటైతే బూడిదరంగు గీత పడి కత్తి జారుతుంది. ముక్క విరిచి నాలిక్కి తాకిస్తే సున్నపుది అంటుకుంటుంది, చెమ్మని లాగుతుంది కాబట్టి.

కొత్త పూతకి కొలతలు: రాతిసున్నమైనా గుల్లసున్నమైనా ముడిసున్నం తెచ్చి ఇంటి దగ్గరే నానెయ్యండి. తొట్టిలో ముందు నీళ్ళు పోసి తర్వాత సున్నం వెయ్యాలి, సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు, ఉడికి ఎగిరి కళ్ళలో పడుతుంది. కళ్ళద్దాలు, రబ్బరు చేతితొడుగులు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి. సన్న జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్ళు నిలిచేలా 21 రోజులు ఉంచండి. నానని పలుకులు పూతలోకి పోతే నెలల తర్వాత గోడ మీద అక్కడక్కడ పొక్కులు లేచి రాలతాయి.

నానిన సున్నపు ముద్ద 1, ఇసుక 3. 100 చదరపు అడుగుల గోడకి అరంగుళం పూతకి నాలుగున్నర ఘనపుటడుగుల ఇసుక, ఒకటిన్నర ఘనపుటడుగుల ముద్ద. కింద 3 అడుగులకి చెమ్మ ఎక్కువ కాబట్టి ముద్ద 1, ఇటుక పొడి 1, ఇసుక 2. ఇటుక పొడి బాగా కాలిన ఇటుకది కాదు, కొంచెం తక్కువ కాలిన ఎర్ర ఇటుకది, పిండిలా ఉండాలి. ఇసుక గోదారిదే వాడండి, ఉప్పుటేరు ఇసుక పొరపాటున కూడా వద్దు. నీళ్ళు కూడా రుచి చూడండి, మీ వైపు కొన్ని బావుల నీళ్ళు ఉప్పగా ఉంటాయి.

కరక్కాయ చితక్కొట్టి పది రోజులు నానబెట్టిన నీళ్ళు, కొంచెం నల్లబెల్లం కలపొచ్చు. బెల్లం వేస్తే పని సాఫీగా సాగుతుంది, తక్కువ నీళ్ళతో కలుస్తుంది. ఎక్కువేస్తే ముద్ద గట్టిపడటం ఆలస్యమై చీమలు పడతాయి. కోడిగుడ్డు తెల్లసొన చెట్టినాడు అద్దం నునుపు పూత తంతు, చవుడు గోడకి దాని అవసరం లేదు.

ఒక్కో పొర అరంగుళం మించకూడదు. వేసిన వారం రోజులు తడి గోనె కప్పి చెమ్మగా ఉంచాలి. ఎండిపోతే దాన్ని బాగుచెయ్యలేరు, చేత్తో తుడిస్తే పిండిలా రాలుతుంది. మీద వెల్లే వెయ్యండి, తుమ్మజిగురు కలిపిన పల్చటి సున్నం మూడు పూతలు. ఎమల్షన్ రంగు వేస్తే ఇంత పనీ చేసి పైన ప్లాస్టిక్ సంచి తొడిగినట్టే.

విట్రిఫైడ్ టైల్స్ వద్దనడానికీ ఇదే కారణం. గచ్చులోంచి ఆరాల్సిన చెమ్మ టైల్ కింద దారి లేక గోడల్లోకి మళ్ళుతుంది.

చేవకర్ర

అందరూ గోడలూ నీళ్ళూ అంటున్నారు, కర్ర మాట ఎవరూ ఎత్తలేదు. పెంకులు దించిన రోజునే మూల వాసాలు చూడండి, దోనె కింద తడిసేవి అవే. స్క్రూడ్రైవరు మొనతో ప్రతి అడుగుకీ పొడవండి. చేవ టేకులో మొన దిగదు. తెల్లచెక్కలో, కుళ్ళిన చోట అరంగుళం దిగుతుంది. ఆ తర్వాత గోడలో కూర్చున్న దూలం కొసలు. సుత్తి వెనకతో తట్టితే గంట మోతకి, డప్పు మోతకి తేడా చెవికే తెలుస్తుంది.

కొస ఒకటిన్నర అడుగు కుళ్ళితే దూలం మొత్తం మార్చక్కర్లేదు. పాడైన భాగం కోసి, పాత టేకు ముక్కని ఏటవాలు అతుకుతో కలపండి. అతుకు పొడవు దూలం లోతుకి కనీసం మూడింతలు. రెండు పక్కలా ఇనుప పట్టీలు, బోల్టులు. గోడలో కూర్చునే చోట కింద రాతిపలక పెట్టి, పక్కలా పైనా ముప్పావు అంగుళం గాలి వదలండి. సందు అందంగా లేదని సున్నంతో నింపేస్తారు, కొస కుళ్ళడానికి మొదటి కారణం అదే.

తాడి వాసాలు కలిసి ఉంటే వాటి లెక్క వేరు. తాడికి చేవ బయట ఉంటుంది, లోపల మెత్తన. పైకి రాయిలా ఉండి లోపల బోలైపోయినవి ఉంటాయి, తట్టి చూడాల్సిందే.

చెదలకి గోడ, నేల కలిసే చోట 12 మిల్లీమీటర్ల రంధ్రాలు అడుగుకొకటి, ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ మందు లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, రంధ్రానికి లీటరు వరకు. పెరట్లో తాగేనీటి బావి ఉంటే ఆ వైపు మందు వద్దు, మట్టిదారులు చేత్తో తీసేస్తూ ఉండండి. స్తంభాలకి పైపైన జీడిపిక్కల నూనె పూయడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. ఒంటికి తగిలితే పుళ్ళు పడతాయి, జాగ్రత్త.

కాలవగట్టు

వీధి వసారాలో ఒక ఇనుప గర్డరు ఉంది, రంగు గీకితే టాటా అని ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. వయసు తెలుస్తుందా?

పెంకుటింటిపిల్లి

కింది హద్దు తెలుస్తుంది. టాటా ఉక్కు కంపెనీ పెట్టింది 1907లో, జంషెడ్‌పూరులో ఉక్కు తీసింది 1912లో. కాబట్టి ఆ వసారా 1912కి ముందుది కాదు. అంతకు ముందు కట్టినవాటిలో డోర్మన్ లాంగ్ లాంటి ఇంగ్లండు ఉక్కు కంపెనీల పేర్లుంటాయి. గర్డరు తర్వాత చేర్చింది కూడా కావచ్చు, దాని కొస గోడలో పాత సున్నంలో ఉందా, సిమెంటులో ఉందా చూడండి.

పెంకు అడుగున ముద్ర కూడా చూడండి. బాసెల్ మిషన్ (స్విట్జర్లండు నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీ సంస్థ) వాళ్ళు మంగళూరులో పెంకు ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఫ్యాక్టరీలు కామన్వెల్త్ ట్రస్ట్ చేతికొచ్చాయి, ముద్ర మారింది. అయితే పెంకు వయసు ఇంటి వయసు కాదు, తాటాకో గూనపెంకో తీసేసి తర్వాత నేసిన ఇళ్ళు బోలెడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి కలిమి వచ్చింది, కాలవల మీద పడవలూ వచ్చాయి. అంతంత పొడుగు బర్మా టేకు దుంగలు మీ ఊరికి చేరాయంటే ఆ పడవల పుణ్యమే.

గచ్చుమెట్టు

మేడగది మాటేంటి? మద్రాసు టెర్రస్ మీద కూడా కారుతోందా?

కాలవగట్టు

పిట్టగోడ మూలన కొంచెం చెమ్మ. 4 అంగుళాల సిమెంటు కాంక్రీటు పైన పోయించమన్నారు.

వాసాలలెక్క

180 చదరపు అడుగుల మీద 4 అంగుళాల కాంక్రీటు అంటే దాదాపు 4 టన్నులు. నూరేళ్ళ టేకు దూలాలు ఆ బరువుకి కాదు. ఆ కప్పు కట్టు ఎలా ఉంటుందంటే, దూలాల మీద 6 × 3 × 1 అంగుళాల చిన్న ఇటుకలు నిలువుగా, ఐమూలగా సున్నంలో పేరుస్తారు, దానిపై 3 అంగుళాల ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు రోజుల తరబడి చెక్క బడితలతో కొట్టి బిగిస్తారు, పైన పలక పెంకులు. చెమ్మ పిట్టగోడ మూలనే అంటే కప్పు పోలేదు, గోడ, కప్పు కలిసే చోట వంపు పగిలింది. ఆ 6 అంగుళాల వంపు చెక్కి సున్నం, ఇటుకపొడితో మళ్ళీ కట్టండి, నీళ్ళ గొట్టం నోరు శుభ్రం చెయ్యండి. పై పలకల సందుల్లో సున్నం పోయినచోట నింపండి. అంతకు మించి ముట్టుకోకండి.

డాలస్_దొడ్డిగుమ్మం

మాది తణుకు వైపు ఇలాంటిదే, ఏడాదిలో పదకొండు నెలలు తాళం. ఈ పనులేవీ ఇప్పట్లో కావు. కనీసం ఏం చేయించాలి?

తూముదారి

జూన్‌కి ముందు ఒకసారి, అక్టోబరుకి ముందు ఒకసారి దోనెలు, తూము ఖాళీ చేయించండి. తలుపులన్నీ బిగించి తాళం వేస్తే లోపల బూజు పడుతుంది, కాబట్టి మండువా వైపు కిటికీలు జాలీతో తెరిచే ఉంచండి. పగిలిన పెంకు స్థానంలో ప్లాస్టిక్ పట్టా కప్పి వదిలేస్తే దాని కింద వాసం ఉడికిపోతుంది, నెలలోపు పెంకు పెట్టించాల్సిందే.

కాలవగట్టు

వరస ఇలా అనుకుంటున్నాను: ఫిబ్రవరిలో తూము, మార్చి-ఏప్రిల్‌లో పెంకులు దించి దోనెలు, వాసాలు. సిమెంటు పూత అప్పుడే చెక్కేసి గోడలు వదిలెయ్యడం. సున్నం పూత వచ్చే డిసెంబరు-జనవరిలో.

సున్నపుగానుగ

సరిపోయింది. మేలో మాత్రం సున్నం పని పెట్టుకోకండి, తడి గోనె గంటలో ఎండిపోతుంది. వానలు వెనక్కి పోయాక కూడా గోడకి చెయ్యి ఆనించి చూడండి, ఇంకా చల్లగా తగిలితే ఇంకో నెల ఆగండి.

పెంకుటింటిపిల్లి

పెంకులు దించేముందు రెండు మాటలు. 100 చదరపు అడుగులకి 140 చొప్పున లెక్కేసి, పగిలేవాటికి పదోవంతు కలిపి ముందే పాత పెంకులు వెతకండి. కొత్త ఫ్యాక్టరీ పెంకు పాతదాని గాడిలో కూర్చోదు, కొద్ది మిల్లీమీటర్ల తేడాకే వాన లోపలికి చిమ్ముతుంది. వేరే కంపెనీవి దొరికితే మండువా వైపు కలపకుండా అవన్నీ పెరటి వాలుకి వాడండి.

రీపరు (పెంకు ఆనే అడ్డకర్ర) దూరం ఊహతో కొట్టనివ్వకండి. 12 పెంకులు నేల మీద వరసగా గాడిలో కూర్చోబెట్టి, దగ్గరికి నెట్టి నడుమ 10 పెంకుల పొడవు కొలవండి, తర్వాత వదులుగా లాగి మళ్ళీ 10 కొలవండి. రెండూ కలిపి 20తో భాగిస్తే మీ రీపరు దూరం. సుమారు పన్నెండున్నర, పదమూడు అంగుళాల మధ్య వస్తుంది. చూరు వైపు మొదటి రెండు వరసలు, దోనె అంచులు రాగి తీగతో రీపరుకి కట్టాలి, పెంకు అడుగున దానికోసమే రంధ్రం ఉంటుంది. కొప్పు పెంకులు సున్నంలోనే, సిమెంటులో వేస్తే ఎండకి బిగుసుకుని పక్క పెంకుని కూడా చీలుస్తాయి.

దించిన పెంకుల్ని పడుకోబెట్టి దొంతర్లు పెడితే కిందవి విరుగుతాయి. గోడకి ఆనించి నిలువుగా, ఒక్కో వరసే. మండువాలో మాత్రం పెట్టకండి, తూము పని ఇంకా అవుతూ ఉంటుంది.